చిన్న మోటారుబండియు చేతిపనియు

వేసవి సెలవులలో మన పల్లెల బాలురు ముంజకాయల బండి చేయుదురు. ముంజలు తినివైచిన రెండు తాటిబుర్రలు, వాని నడుమ నిరుసుగా నొక పుల్ల, త్రోయుటకు చివర చీలిన పంగలకఱ్ఱ: సామగ్రి యింతమాత్రమే. ఆ బండిని వారి కెవ్వరును కొని యీయరు. దానిని చేసిన బాలునకు దానియందలి ప్రతి భాగమును తెలియును. ఇరుసు విఱిగిన మఱియొక పుల్లను వెదకికొనును. బండి యొక ప్రక్కకు లాగినచో ఏ బుర్ర వంకరగా నున్నదో తానే కనుగొనును. నేడు అట్టి బాలునకే పుట్టినరోజున తండ్రి యంగడిలో నొక రంగుల మోటారుబండిని కొని యిచ్చుచున్నాడు. అది మూడు దినములు పరుగెత్తి నాలుగవ దినమున నిలిచిపోవును. బాలుడు దానిని మంచము క్రిందికి త్రోసివైచి క్రొత్తది కావలెనని యేడ్చును. లోపల నేమున్నదో వాడెఱుగడు, తండ్రియు నెఱుగడు. మొదటి బండి వాని సొత్తు. రెండవది కొన్నాళ్లు వాని యింట నిలిచిన పరుల వస్తువు.

ఈ భేదమును గూర్చియే నేడు కొన్ని మాటలు వ్రాయదలచితిని. రేడియో సాయమున దూరమునుండి నడపబడు చిన్న కారులను విడిభాగములనుండి స్వయముగా కూర్చుటయు, పాతబడి చెడిపోయిన వానిని మఱల బాగుచేయుటయు లోకమున ననేకులకు ప్రియమైన వినోదము. ఇది బాలబాలికలకు తగిన పనియా, లేక కాలమును ధనమును హరించు వ్యసనమా యని తల్లిదండ్రులు కొందఱు నన్నడిగిరి. నా యభిప్రాయ మిది. బండిని పరుగెత్తించుటలో గల మేలు కొంచెము; దానిని కూర్చుటలో గల మేలు అధికము; చెడినదానిని బాగుచేయుటలో గల మేలు అన్నిటికంటె నధికము. కావున మన పాఠశాలలో దీనికొక బల్లయు, వారమునకు రెండు గంటల కాలమును కేటాయింపవలెనని నా మనవి.

ఎఱుగనివారికొఱకు మొదట ఈ వస్తు వెట్టిదో చెప్పెదను. అంగడిలో సిద్ధముగా దొరకు బొమ్మకారు వేఱు, కిట్టు వేఱు. కిట్టు పెట్టెను తెఱచినచో అందు కారు కనబడదు. చట్రములకు అంటియున్న ప్లాస్టిక్ భాగములు, చిన్న సంచులలో మరమేకులు, ఇరుసులు, పండ్లచక్రములు, స్ప్రింగులు, నాలుగు టైర్లు, ఒక మోటారు, బొమ్మలతో కూడిన మార్గదర్శి పుస్తకము కనబడును. చేతిలో పట్టుకొను ట్రాన్స్‌మిటరు, బండిలో నుంచు రిసీవరు, బ్యాటరీ, చార్జరు మున్నగునవి పెక్కు కిట్లలో నుండవు. వానిని వేఱుగా సమకూర్చుకొనవలెను. తఱచుగా నిట్టి బండి నిజమైన కారులో పదియవ వంతు పొడవుండును. మొదటిసారి చేయువానికి కూర్పు పూర్తియగుటకు కొన్ని సాయంకాలములు పట్టును.

యంత్రమును తీగ లేకుండ దూరమునుండి నడపుట క్రొత్త వింత కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీటితొట్టిలో నొక చిన్న పడవను రేడియో తరంగములచే నడపి చూపెను. అంతకు కొలది సంవత్సరములకు ముందే కలకత్తాలో జగదీశ చంద్ర బోసుగారు కంటికి కనబడని తరంగములచే దూరమునందలి గంటను మ్రోగించి చూపిరి. అయినను ఈ విద్య పిల్లల బండ్లలోనికి వచ్చుటకు అఱువది సంవత్సరములకు పైగా పట్టెను. ట్రాన్సిస్టరు పుట్టి, పరికరములు అఱచేతిలో నిముడునంత చిన్నవైన పిమ్మటనే యిది సాధ్యమాయెను.

ఈ వినోదమును లోకమంతట వ్యాపింపజేసినవారిలో జపానుదేశపు తమియా వారు ముఖ్యులు. వారు 1946లో షిజుఒకా ప్రాంతమున కఱ్ఱకోత మిల్లుగా వ్యాపారము నారంభించిరి. పిదప కఱ్ఱతో ఓడల, విమానముల నమూనాలు చేసిరి. 1953లో కలప యమ్మకమును మాని నమూనాలకే యంకితమైరి. 1960లో ప్లాస్టిక్ నమూనాలకు దిగిరి. 1976లో వారు పోర్షే 934 అను పందెపుకారు నమూనాను పండ్రెండవ వంతు ప్రమాణమున చేసిరి. దాని వివరములు సరిగా తెలియుటకై షున్‌సాకు తమియాగారు నిజమైన పోర్షే 911 కారు నొకదానిని కొని, దానిని విప్పి పరిశీలించిరి. ఆ నమూనాయే అదే సంవత్సరమున వారి మొదటి రేడియో కారుగా వెలువడెను. చిన్నదానిని చేయగోరినవాడు పెద్దదానిని విప్పి చూచెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యిదియే. 1984లో వెలువడిన గ్రాస్‌హాపర్, హార్నెట్ అను బండ్లు అనేక దేశముల బాలురకు తొలి కిట్లైనవి. షున్‌సాకు తమియాగారు 2025లో పరమపదించిరి.

ఇక బండి నడచు విధము. ట్రాన్స్‌మిటరుపైని చక్రమును త్రిప్పినపుడు ఆ త్రిప్పుట రేడియో సంకేతమై బండిలోని రిసీవరును చేరును. రిసీవరు దానిని విద్యుత్ స్పందనములుగా మార్చి, సర్వో యను చిన్న పెట్టెకు సెకనునకు సుమా రేబది సారులు పంపును. స్పందనము సెకనులో వేయవవంతు కాలము నిలిచిన సర్వో చేయి యొక ప్రక్కకు తిరుగును. రెండు వేయవవంతులు నిలిచిన రెండవ ప్రక్కకు తిరుగును. ఒకటిన్నర వేయవవంతు నిలిచిన నడుమ నాగును. సర్వోలో నొక చిన్న మోటారు, కొన్ని పండ్లచక్రములు, తానెంత తిరిగెనో తెలిసికొను సాధన మొకటి యుండును. అది యాజ్ఞను విని, తాను నిలిచిన చోటును చూచికొని, భేదమున్నచో దిద్దుకొనును. ఈ గుణము మనుష్యులలోనే యరుదు!

వేగమును మార్చుటకు పాత బండ్లలో నిరోధక తీగను వాడుచుండిరి. మెల్లగా నడచునపుడు మిగిలిన శక్తి వేడిమియై వ్యర్థమగుచుండెను. ఇప్పటి ఎలక్ట్రానిక్ సాధనము విద్యుత్తును సెకనునకు వేలకొలది సారులు ఇచ్చుచు నాపుచు వేగమును సవరించును. మఱియొక విశేషము వెనుక ఇరుసునొద్ద నున్నది. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె నెక్కువ దూరము పోవలెను. మన యెద్దులబండిలో చక్రములు ఇరుసుపై వేర్వేఱుగా తిరుగును గనుక చిక్కులేదు. ఒకే మోటారు రెండు చక్రములను త్రిప్పవలసిన కారులో మాత్రము వానికి వేర్వేఱు వేగముల నిచ్చు డిఫరెన్షియలు అవసరము. దీని బొమ్మను పాఠ్యపుస్తకమున చూచి కంఠస్థము చేసిన బాలునకును, తన చేతులతో ఆ చిన్న పండ్లచక్రములను కూర్చి, ఒక చక్రమును ముందుకు త్రిప్పగా రెండవది వెనుకకు తిరుగుట చూచిన బాలునకును గల భేదమును ఉపాధ్యాయులు వేఱుగా చెప్పించుకొన నక్కఱలేదు.

గణితమును ఇట్లే. నాలుగు మీటర్ల కారు పదియవ వంతు ప్రమాణమున నలువది సెంటీమీటర్లగును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును పదియవ వంతైన ఘనపరిమాణము పదియవ వంతు కాదు, వేయవ వంతు. ఆ లెక్కను వేయి కిలోల కారుకు సరియగు నమూనా ఒక కిలో తూగవలెను. తక్కెడలో వేసి చూచిన తఱచుగా అంతకు మించి తూగును. ఏల? బ్యాటరీయు మోటారును నిజమైన కారులోని వానిని కుదించి చేసినవి కావు గనుక. ఇట్టి ప్రశ్న నల్లబల్లపై పుట్టదు. చేతిలో బరువు తెలిసినపుడు పుట్టును. మోటారుచివరి చక్రమునకు 18 పండ్లు, దానితో కలియు చక్రమునకు 72 పండ్లు ఉన్నచో మోటారు నాలుగు చుట్లు తిరిగిన పెద్ద చక్ర మొక చుట్టు తిరుగును. ఆ రెంటి నడుమ ఎంత సందుండవలెను? నోటుపుస్తకపు కాగితపు ముక్కను పండ్ల నడుమ నుంచి, చక్రములను దగ్గఱకు నొక్కి, మోటారును బిగించి, కాగితమును లాగివేయవలెను. ఆ కాగితమంత సందే సరియైనది. మిక్కిలి బిగువైన పండ్లు అఱుగును, వదులైన జాఱును.

ఓర్పును గూర్చి యెన్నియో నీతివాక్యములు చెప్పుచుందుము. కుదుపు నణచు గొట్టములలో నూనె పోసి ముషలకమును మెల్లగా పైకి క్రిందికి కదపి, గాలిబుడగ లన్నియు పైకి వచ్చువఱకు గొట్టమును నిలువుగా నుంచి కాచుకొనుట యెట్టి నీతివాక్యమునకును తీసిపోదు. తొందరపడి మూత బిగించిన బుడగ లోననే నిలిచి, బండి రాళ్లపై గంతులు వేయును. పాలికార్బొనేటు అను పారదర్శకపు పైతొడుగునకు రంగును లోపలి ప్రక్కను వేయుదురు. కావున మొదట వేసిన పూతయే వెలుపలికి కనబడును. తరువాతి పూత దానిని కప్పజాలదు. మొదటనే సరిగా చేయవలెను.

ఇంతవఱకు కూర్పును గూర్చి చెప్పితిని. ఇక బాగుచేయుట. దీనికి నేను సాక్షిని గనుక నా యనుభవమును చెప్పక తప్పదు. మా అన్నగారు యౌవనమున విదేశమునుండి తెచ్చికొనిన గ్రాస్‌హాపర్ బండి యొకటి మా యింటి అటకపై నేండ్లతరబడి పడియుండెను. నిరుడు వేసవిలో వారి కుమారుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి, దానిని దింపి నాయొద్దకు తెచ్చి, “బాబాయీ, ఇది మఱల నడచునా?” అని యడిగెను. వెనుక టైర్లు బీటలువారియుండెను. తెల్లని ప్లాస్టిక్ పసుపువన్నెకు మాఱియుండెను. ట్రాన్స్‌మిటరులో మఱచి విడిచిన బ్యాటరీలు కాఱి, లోహపు బద్దలపై తెల్లని పొక్కు కట్టియుండెను. నేను, “దీనిని పాఱవేయుట మేలు,” అంటిని. వాడు వినలేదు.

మొదటి దినమున ఏమియు విప్పలేదు. వాడొక పుస్తకము తీసికొని, ప్రతి భాగమును ఉన్నది యున్నట్లు గీసికొనెను. పిమ్మట విప్పిన మరమేకులను అట్టముక్కపై, అవి బండిలో నున్న క్రమముననే, గ్రుచ్చుచు వచ్చెను. బ్యాటరీల తెల్లని పొక్కు క్షారము. ఆమ్లముతో నది విఱిగిపోవును. వంటయింటి వెనిగరులో దూదిపుల్లను ముంచి, చేతులకు తొడుగులు వేసికొని, వాడు ఆ బద్దలను తుడిచెను. పొంగు వచ్చి అడుగున లోహము మెఱసినపుడు, “బాబాయీ, ఇది మా రసాయనశాస్త్రపు పాఠములో నున్నదే!” అని కేక వేసెను. ఏడాది పొడుగునను ఆ పాఠమును చదివి మార్కులు తెచ్చుకొన్నవాడే. అయినను అది నిజమని ఆ నాడే వానికి తెలిసెను.

మూడవ సాయంకాలమున తప్పు జరిగెను. ఆ తప్పు నాది. ప్లాస్టిక్‌లోనికి దిగు మరమేకు మొదటిసారి తన గాడిని తానే కోసికొనును. దానిని విప్పి మఱల బిగించునపుడు ఆ పాత గాడిలోనే దింపవలెను. లేనియెడల అడ్డముగా క్రొత్త గాడి కోసి రంధ్రమును చెఱుచును. అందులకు ముందుగా మెల్లగా వెనుకకు త్రిప్పవలెను. పాత గాడి మొదలు దొరకినపుడు చిన్న చప్పుడుతో మేకు కొంచెము క్రిందికి దిగును. అప్పుడు ముందుకు త్రిప్పవలెను. ఈ మాట వాడెక్కడనో తెలిసికొని నాతో చెప్పెను. “నాకు తెలియదా?” అని నేను తొందరపడి బలముగా త్రిప్పితిని. మేకు ఊరక తిరిగెను. సర్వోను నిలుపు స్తంభము బీట వాఱెను. వాడు నన్నేమియు ననలేదు. ప్లాస్టిక్ చట్రమునుండి సన్నని పుల్లను చెక్కి, జిగురుతో ఆ రంధ్రమున నిలిపి, ఒక రాత్రి యాఱనిచ్చి, మఱునాడు తానే మేకును వెనుకకు త్రిప్పి చూపి ముందుకు బిగించెను. పెద్దవాడనన్న గర్వము ఆ చిన్న రంధ్రమున నాకు బాగుగా అణగెను.

ఇంకొక సంగతి. జపాను మరమేకుల తలపైని కూడిక గుర్తు గాడి మన యంగళ్లలో దొరకు సామాన్యపు స్క్రూడ్రైవరు మొనకు సరిగా కుదురదు. చూపులకు రెండు నొకటివలెనే యుండును. బలము పెట్టినపుడు మొన జాఱి తల చెడును. తగిన పనిముట్టు లేక బలముతో పని జరిపింప జూచుట యెంత చేటో దీనివలన తెలియును.

టైర్లు కొనవలసివచ్చెను. ఆ నమూనాను 2005లో మఱల విడుదల చేసినందున భాగములు దొరకెను. చక్రములలోని పాత ప్లాస్టిక్ బుష్షులకు బదులు గుండ్ల బేరింగులు వేసితిమి. పాత రేడియో పరికరమును, శుభ్రపఱచినను నమ్మరానిదైనందున, గుర్తుకై దాచి, క్రొత్తది యమర్చితిమి. మొదటిసారి నడపినపుడు కుడికి త్రిప్పగా బండి యెడమకు తిరిగెను. అందఱును నవ్విరి. వాడు ట్రాన్స్‌మిటరుపైని చిన్న మీటను మార్చి దానిని సరిచేసెను.

పైతొడుగుపై నొక పొడవైన గీఱుడు కలదు. దానిని గరుకు కాగితముతో రుద్ది రంగు వేయుదమని వాడనగా, అంతవఱకు దూరముగా కూర్చుండి పత్రిక చదువుచున్న మా అన్నగారు లేచి వచ్చి, “దానిని ముట్టకుము. అది బావిగట్టునకు తగిలినది, ఆ దినమున మీ తాతగారు నన్ను కోప్పడిరి,” అనిరి. ఆ గీఱు డట్లే యున్నది. బాగుచేయుట యనగా నేమో నాకప్పుడు తెలిసెను. నడచుటకు అడ్డమైనదానిని మార్చవలెను. గతమునకు గుర్తైనదానిని విడువవలెను. అన్ని భాగములను క్రొత్తవి వేసి మెఱుగుపెట్టి, ఇది పాత బండి యనుట తన్ను తాను మోసగించుకొనుటయే. ఈ విషయమున నాతో నేకీభవింపనివారు పెక్కుమంది కలరు. పెట్టెలోనుండి నేడే వచ్చినట్లు చేయుటయే ఘనతయని వారందురు. వారి నేర్పును మెచ్చుకొందును. వారి తీర్పును మెచ్చుకొనజాలను.

ఇక ఆక్షేపణలు. మొదటిది, పరీక్షలు. “తమ్ముడా, వచ్చు సంవత్సరము వీడు పదవ తరగతి. ఈ బొమ్మతో ప్రొద్దు పుచ్చిన మార్కులేమి కావలెను?” అని మా అన్నగారే మొదట నన్నడిగిరి. ఈ పనివలన వాని మార్కులు పెరిగెనని నేను చెప్పజాలను. తగ్గలేదని మాత్రము చెప్పగలను. కాని మార్కులలోనికి రాని యొక లాభమును చూచితిని. మొన్న మా వదినగారి మిక్సీ నిలిచిపోయెను. వాడు మొదట ప్లగ్గును తీసి, జాడీ క్రింది రబ్బరు జోడును చూచి, దాని పండ్లు అఱిగినవని కనుగొని, క్రొత్తది తెచ్చి బిగించెను. వారము పిదప నీటిపంపు మోటారునుండి కాలిన వాసన రాగా, “ఇది నేను ముట్టరాదు, పనివానిని పిలువుడు,” అనెను. చేయగలదానిని చేయుటయు, చేయజాలనిదానిని ఎఱిగి యాగుటయు చదువు కాదా?

రెండవది, ధనము. ఈ యాక్షేపణ న్యాయమైనది. కిట్టు, రేడియో, బ్యాటరీ, చార్జరు కలిపి కొన్ని వేల రూపాయలకు తక్కువ కాదు. మన పిల్లలలో పెక్కుమంది తల్లిదండ్రులకు అది మోయరాని భారము. కావున ప్రతి బాలునకును బండి కొనిపెట్టుడని నేను చెప్పుటలేదు, కొనవలదనియే చెప్పుచున్నాను. ఎనిమిదిమందికి ఒక బండి చాలును. ఎవరి యటకపైనైన పాడైపడియున్న బండి దొరకిన నది మఱియు మేలు. క్రొత్తదానికంటె చెడినదే మంచి గురువు.

మూడవది, ఇది బొమ్మలాట, పెద్దలకు తగదు అనుట. కొండపల్లిలో పనివారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మ యవయవములను వేర్వేఱుగా చెక్కి, ఱంపపు పొడియు చింతపిక్కల జిగురును కలిపిన మక్కుతో అతికి, రంగు వేయుదురు. భాగములుగా చేసి కూర్చుట మన దేశమునకు క్రొత్తది కాదు. బొమ్మ చేయువానిని మనము గౌరవింతుము. చేయుట నేర్చుకొను బాలుని మాత్రము ఆడుకొనుచున్నాడందుము. మన ప్రభువును నజరేతులో వడ్రంగివాని యింటనే పెరిగెను. చేతిపనిని చిన్నచూపు చూచుట ఈ పాఠశాలలో మనకు తగదు. ఇది బాలుర పనియే యను మాటయు కొట్టివేయదగినదే. సూదిలో దారమెక్కించు వ్రేళ్లకు పిన్నంత మరమేకు కష్టము కాదు.

నాలుగవది, అపాయము. దీనిని దాచిపెట్టరాదు. లిథియము బ్యాటరీలు తేలికయైనవి, బలముగలవి. కాని ఒక్కొక్క ఘటమును 4.2 వోల్టులకు మించి నింపినను, 3 వోల్టులకంటె క్రిందికి దింపినను చెడును. ఉబ్బిన లేక దెబ్బతిన్న బ్యాటరీ మండవచ్చును. పిల్లల బల్లపై 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీలు చాలును. అవియు పెద్దవారు దగ్గఱ లేనిదే చార్జికి పెట్టరాదు. తీగలకు మాటు వేయుటయు, రంగు చిమ్ముటయు ఉపాధ్యాయుని యెదుట, గాలి యాడు చోటనే జరుగవలెను.

వీనికంటె పెద్ద అపాయ మొకటి కలదు; అది యీ వినోదమున మునిగిన పెద్దలకు కలుగును. బండి తరువాత బండి కొని, పెట్టెలను తెఱువకయే అలమరలో పేర్చి, ధర పెరుగునని లెక్కించుచు నుందురు. తెఱువని పెట్టె యేమియు నేర్పదు. అది ధాన్యమును మొలవనీయక గాదెలోనే యుంచి మురిసిపోవుట వంటిది. తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండవ బండిని కోరిననాడు మొదటిదానిని చూపుమనుడు. అది విఱిగియున్నచో బాగుచేయుమనుడు. బాగుగా నున్నచో విప్పి మఱల కూర్చుమనుడు. రెండును చేసిన పిమ్మట మాట్లాడవచ్చును.

కావున నా మనవి యిది. పాఠశాలలో వాడుకలేని యొక బల్లను గోడప్రక్కన వేయింపవలెను. శనివారము సాయంకాలము రెండు గంటలు చాలును. ఎనిమిదిమంది, ఒక బండి, ఒక పుస్తకము. ఆ పుస్తకమున ఏ దినమున ఏ భాగమును ఎవరు విప్పిరో, ఏమి చెడినదో, ఎట్లు బాగుపడెనో వ్రాయవలెను. తమ వలన చెడినదానిని దాచక వ్రాయవలెను. ఏడాది చివర ఆ యెనమండుగురు బండిని పూర్తిగా విప్పి, తరువాతి తరగతివారికి భాగములుగనే అప్పగింపవలెను. నడచు బండిని దానము చేయుట సులభము. విద్యను దానము చేయవలెనన్న దానిని విప్పియే యీయవలెను.

మా అన్న కుమారుడు తన బండిని ఈ పనికై ఇచ్చెదనని చెప్పియున్నాడు. బావిగట్టు గీఱుడును, నేను చెఱచిన రంధ్రమును దానితోడనే వచ్చును. ఆ రెంటిని గూర్చియు పుస్తకపు మొదటి పుటలో నా చేతనే వ్రాయించెదనని వాడనుచున్నాడు. నాకు సమ్మతమే. బల్ల యొకటి దొరకిన చాలును.

— ఒక ఉపాధ్యాయుడు